అమెరికా కారుకు కొండగట్టు దండ: కరీంనగర్ నుంచి భైంసా దాక

మా ఆయన రాజేశం దుబాయిల పన్నెండేండ్లు ఏసీలు బాగు చేసి వచ్చిండు. ఉన్న పైసలతోని ఒక ప్లాటు కొంటడనుకుంటే, పెద్దపల్లి దిక్కు ఒక రైసుమిల్లు వెనుక షెడ్డుల పడి ఉన్న పాత అమెరికా కారు కొనుక్కొచ్చిండు. డెబ్బై ఏండ్ల నాటి బండి. వచ్చిననాడు దాన్ల సామాను కంటే ఎలుకలే ఎక్కువ ఉండె. మూడేండ్లు అది మా ఇంటి ముందట రేకుల కింద సుఖంగ పండుకున్నది, నా స్కూటీ ఎండల నిలబడ్డది. ఇంటికొచ్చిన చుట్టాలు నన్ను బాగున్నవా అని అడగకముందే "కారు ఎక్కడిదాక వచ్చింది" అని అడుగుడు. ఆఖరికి నాకు కడుపు మండి ఒక షరతు పెట్టిన. భైంసాల మా అక్క ఇంటిదాక గీ బండి సొంతంగ నడిచి పోవాలె. పోతే ఉంచుకో, మళ్ల ఒక్క మాట అనను. మధ్యల ఇంకో బండి మీదికెక్కిందా, పెండ్లి ఫొటోల కోసం అడుగుతున్న హైదరాబాద్ ఫంక్షన్ హాలాయనకు ఇచ్చేసుడే. మా ఆయన సరే అన్నడు. పాత బండితోని దూరం పోదామనుకునేటోళ్లకు అక్కరకొస్తదని ఆ ప్రయాణం సంగతి రాస్తున్న.

మా వెంబడి ఖాజాభాయ్ కూడ వచ్చిండు. కరీంనగర్ల మెకానిక్, మా ఆయనతోని కలిసి ఈ బండిని లేపి నిలబెట్టిన మనిషి. పొద్దున ఆరింటికి బయలెల్లినం. వెనుక సీట్ల ఖాజాభాయ్, ఆయన పక్కన పానాల డబ్బా, నీళ్ల క్యాన్లు. డిక్కీల ఇంకో బ్యాటరీ. ఎందుకంటే దీని బ్యాటరీ ఆరు వోల్టులది, ఇప్పటి కార్లవి పన్నెండు. ఎవరన్న సాయం చేస్తమని వాళ్ల బ్యాటరీకి వైరు కలిపిండ్రంటే బల్బులన్ని మాడిపోతయ్. పైపులు గూడ కొత్తవి వేసినం, ఇప్పటి పెట్రోల్ల కలిపే ఇథనాలు పాత రబ్బరును తింటదట. వారానికి ఒకసారన్న బండిని తిప్పాలె, లేకుంటే బ్రేకులు పట్టుకపోతయ్. ఇవన్ని నాకెట్ల తెలుసంటరా, మూడేండ్ల నుంచి అన్నం తినే కాడ మా ఇంట్ల వేరే ముచ్చటే లేదు. లీటరుకు ఆరు కిలోమీటర్లు ఇస్తది మహాతల్లి. భైంసా రెండొందల పైన ఉంటది, ఒక్క దిక్కు పెట్రోలుకే నాలుగు వేల దగ్గర పట్టుకోండ్రి.

ఏడు దాటినంక ఆంజనేయస్వామి గుడి ఉన్న కొండగట్టు చేరుకున్నం. గుట్ట ఎక్కాలె అనంగనే మా ఆయన "అంజన్నా, ఎక్కియ్యి" అని మొక్కుకున్నడు. నేను పక్కన కూసోని, ఎక్కకపోతే బాగుండు స్వామీ అని మొక్కుకున్న. ఒకే బండ్ల నుంచి రెండు మొక్కులు పోతే దేవుడు మాత్రం ఏం చేస్తడు. మొత్తానికి మా ఆయన మాటే విన్నడు. బండి గుర్రుమనుకుంట, మెల్లగ, ఒక్క చుక్క నీళ్లు కాగకుండ గుట్ట ఎక్కింది.

మా దిక్కు బండి కొన్నా, దూరం పోతున్నా కొండగట్టుల పూజ చేయించుడు ఉంటది. పంతులు పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టిండు. నేను పూల దుకాణానికి పోయి అక్కడున్న దండలల్ల అన్నిటికన్న పెద్దది కొన్న. బంతిపూలు దట్టంగ కుచ్చి, నడుమ మామిడాకులు పెట్టింది. ఆరు వందలు. మా ఆయన నా దిక్కు వింతగ చూసిండు. నిజం చెప్తున్న, ప్రేమతోని కొనలే. పోయినోళ్లను సాగనంపెటప్పుడు మంచి దండ తీసుకపోతం కద, గట్ల కొన్న. నా లెక్కల అది దాని ఆఖరి ప్రయాణం. ఆయనకు అదేం తెల్వది. దండను పంతులు కాడ పూజ చేయించి, రెండు మడతలు వేసి బండి ముందటి ఇనుప జాలి ఈ కొస నుంచి ఆ కొసదాక నిండేటట్టు కట్టి, నాలుగు ఫొటోలు తీసుకున్నడు.

జగిత్యాల దాటి కోరుట్ల ఇంకా రాలే, బానెట్ సందులకెల్లి ఆవిరి మొదలైంది. బండి పక్కకు ఆపంగనే ఎక్కడోళ్లు అక్కడ పని ఇడిసిపెట్టి వచ్చిండ్రు. చాయ్ హోటలాయన కార్బురేటర్ అన్నడు. ట్రాక్టర్ మీద పోయే పెద్దమనిషి దిగి వచ్చి, ఇంజను పక్కన పెట్రోలు పంపు ఎండకు కాగింది, దానికి తడిగుడ్డ చుట్టుండ్రి అన్నడు. అది మంచి చిట్కానే, పాత బండ్లకు పనిచేస్తది. నా కొత్త తువ్వాల దానికే పోయింది. అర్ధగంట ఆగి, సల్లగైనంక నీళ్లు పోసి కదిలినం. మెట్‌పల్లి కాడ మళ్ల కాగింది. ఈసారి ఒకాయన దిష్టి అన్నడు. ఇంకొకాయన కారు సుట్టూ తిరిగి, "గిది పోయే బండా, పెట్టుకునే బండా" అని అడిగిండు. నాకు ఆయన మాట మస్తు నచ్చింది.

మెట్‌పల్లి దాటి ఆర్మూర్ రోడ్డు మీద మూడోసారి ఆగింది. ఖాజాభాయ్ ఫ్యాన్ బెల్టు నొక్కి చూసిండు, పైపులు ముట్టి చూసిండు, పోయి యాపచెట్టు నీడకు నిలబడ్డడు. నేను లోపల కూసోని సంతోషపడాలె. కని నాకు ఒకటే మాట తిరుగుతుంది. గుట్ట ఎక్కినప్పుడు కాగని నీళ్లు చదును రోడ్డు మీద ఎందుకు కాగుతున్నయ్. దిగి ముందటికి పోయి చూసిన. ఆరు వందల దండ, గాలి దూరే సందు లేకుండ జాలికి అతుక్కొని ఉన్నది. మా ఇంట్ల ఎండకాలం కూలర్ వెనుక జాలి మీద చీర ఆరేస్తే లోపలికి గాలి రాదు, మా ఆయనే మొత్తుకుంటడు. ఇదీ అంతే.

ఏమీ ఎరగనట్టు వచ్చి మళ్ల కూసున్న. నోరు మూసుకుంటే చాలు, రేకుల కింద జాగ నాది అయితది. మా ఆయన ఆర్మూర్ల బండ్లు ఎక్కించుకపోయే లారీ ఆయనకు ఫోన్ కలిపిండు. "ఆ, పాత బండే అన్నా. నడుస్తదనుకున్నం" అంటుండు. ఇంకో చెయ్యి బానెట్ మీద పెట్టి, జ్వరమొచ్చిన పిల్లగాన్ని చూసుకున్నట్టు చూసుకుంటుండు. నాకు పానం ఆగలే.

"ఫోన్ పెట్టెయ్" అన్న. "ముందట ఆ దండ తీయ్. ఇంజనుకు గాలి పోతలేదు."

ఆయన ఫోన్ పెట్టేసి తలకాయ కిందికి వేసిండు. ఖాజాభాయ్ చెట్టు కిందికెల్లి నవ్వుకుంట వచ్చిండు. "సచ్ బోల్తూ భాభీ, నాకు మెట్‌పల్లిలనే అనుమానం వచ్చింది. కని మీ స్వామి దండ. నేను తీయమంటే మంచిగుంటదా. అందుకే పరేషాన్ అయి నీడకు పోయిన."

"నీకో" అని మా ఆయనను అడిగిన.

"మొదటిసారే తెలిసింది" అన్నడు మెల్లగ.

పన్నెండేండ్లు ఏసీలు బాగు చేసిన మనిషికి తెల్వకుండ ఎట్ల ఉంటది. ఎందుకు తీయలేదయ్యా అంటే పోయి నీళ్ల క్యాను పట్టుకొచ్చిండు. దండ తీసినం. పూజ చేసిన దండ కింద పెట్టొద్దాయె, లోపల సామానుతోని జాగ లేదు. ఆఖరికి దాన్ని మా ఆయన మెడలనే వేసిన. చెవులదాక పూలే.

అక్కడికెల్లి బండి మళ్ల కాగలే. ఆర్మూర్ కాడ పెద్ద రోడ్డు ఎక్కి, సోన్ కాడ గోదావరి దాటి, రెండింటి వరకు నిర్మల్ చేరుకున్నం. చాయ్ కోసం ఆగితే ఒకాయన ఉరికొచ్చి మా ఆయన చెయ్యి పట్టుకున్నడు. "ముబారక్ అన్నా, ఎన్ని ఓట్లతోని గెలిచిండ్రు?" గంత దండ, గంత కారు చూసి ఆయన ఇంకేమనుకుంటడు. మా ఆయన నా దిక్కు చూసి, "జర తక్కువ ఓట్లతోనే" అన్నడు. ఆ వచ్చినాయన తన గల్లీల మురుగు మోరీ సంగతి చెప్పుకుంటే, చేయిస్త ఫికర్ చేయకని మా ఆయన మాట కూడ ఇచ్చిండు. చాయ్ పైసలు ఆ మోరీ ఆయననే ఇచ్చిండు.

నాలుగు కొట్టకముందే భైంసాల అక్క వాకిట్ల ఆగినం. సంగతంత విని అక్క నెత్తి కొట్టుకున్నది. "గెలిచేదానివి గద చెల్లె. జరసేపు నోరు మూసుకునుడు రాదా నీకు." అన్నం వడ్డిస్తుంటే మా ఆయన దిక్కు తిరిగి, "నీకు ముందుగాలనే తెలిస్తే ఎందుకు తీయలే మరిదీ, బండి పోగొట్టుకుందామనా" అని అడిగింది.

మా ఆయన పల్లెంల చూసుకుంట చెప్పిండు. "మూడేండ్లల్ల మీ చెల్లె సుజాత ఆ బండికి ఒక్క బోల్టు కొనలే వదినె. ఇయ్యాల ఎవ్వరు అడగకున్న పోయి పెద్ద దండ తెచ్చింది. దాన్ని నా చేత్తోని ఎట్ల తీస్త? బండి పోతే పోనీ అనుకున్న."

ఉల్లిగడ్డ ఘాటని చెప్పి కొంగుతోని కండ్లు తుడుచుకున్న. దండ ఎందుకు కొన్ననో ఆయనకు ఇప్పటిదాక చెప్పలే, ఆయన బ్లాగులు చదవడు కాబట్టి ఇక్కడ రాస్తున్న. మూడేండ్లు నా మీద కంటే ఇనుము మీదనే ఆయనకు పానం ఎక్కువని కొట్లాడిన. నేను తెచ్చిన పూల కోసం ఆ ఇనుమును ఇడిసిపెడదామనుకున్నడు. ఇగ ఆ కారును ఏమనాల్నో నాకు సమజ్ అయితలేదు.

పాత బండితోని బయలెల్లేటోళ్లకు ఒక్క మాట. దండ బానెట్ మీద వేసుకోండ్రి, ముందటి జాలికి ఏదీ అడ్డం కట్టొద్దు. కాగితే అర్ధగంటదాక రేడియేటర్ మూత ముట్టకుండ్రి. ఆ అర్ధగంటల ఎవరి మనసుల ఏమున్నదో బయటపెట్టుకోండ్రి, మాలెక్క ముగ్గురికి తెలిసి గూడ మూడుసార్లు నీళ్లు కాగబెట్టుకోకుండ్రి.