నేను మాన్పించలేని చుట్ట

మా అమ్మ అడ్డపొగ తాగేది. అంటే నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని చుట్ట కాల్చడం. మా సిక్కోలు వైపు పెద్దవయసు ఆడవాళ్లకు అదేమీ వింత కాదు. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి కనుక, నరసన్నపేటలో మా కిరాణా కొట్లో పప్పు పొట్లాలు కడుతూనే కాల్చేసేది. అంగిట్లో తెల్లమచ్చ కనిపించాక డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. చుట్ట మానకపోతే అది పుండై ప్రాణం మీదికి రావచ్చన్నాడు.

బేరంలో నన్ను మించినవాడు మా బజార్లో లేడని నా నమ్మకం. పూరీ తీసుకెళ్తానన్నాను. కాశీ కూడా కావాలంది. సరేనన్నాను. "అయితే మజ్జానం సుట్టొకటీ ఉంచీరా," అంది. బంగారు గాజులు చేయిస్తే తొడుక్కుని, ఆ చేత్తోనే అగ్గిపుల్ల గీసింది.

అంతలో మా ఊరి గ్రంథాలయంలో పొగాకు, సారా మానాలనుకునేవాళ్ల కోసం ఏదో మొదలుపెట్టారు. నర్సును పిలిపించి నోళ్లు పరీక్ష చేయించారు, బొమ్మల పుస్తకాలు ఒక బల్ల మీద విడిగా పరిచారు. నోరు చూపించడానికని నా భార్య అమ్మను అక్కడికి తీసుకెళ్లింది. బడి వదిలే వేళకే చుట్ట మీదికి మనసు లాగుతుందని అమ్మ చెబితే, ఆ వేళకు వచ్చి పిల్లలకు కథలు చెప్పమంది లైబ్రరీ మేడం. చుట్ట నోట్లో పెట్టుకుని పని చేయొచ్చు, వినొచ్చు. కథ మాత్రం చెప్పలేం.

అమ్మ మానేసింది.

నేను సంతోషించాను, ఒక పూట. ఆ తర్వాత కడుపు మండడం మొదలైంది.

"ఆవిడేటిచ్చిందే అమ్మకి?" అని నా భార్యను అడిగాను.

"ఏటీ ఇవ్వనేదు. కూకోమని కుర్చీ ఏసింది."

కుర్చీ! అదీ ప్లాస్టిక్‌ది! ఇంట్లో అన్నం దగ్గర కూడా మేడం అలా అంది, మేడం ఇలా నవ్వింది. కూరలో ఉప్పు తక్కువైందంటే మేడం ఇంట్లో పప్పు గొప్పగా ఉంటుందట. ఇక లాభం లేదని కొట్లో బియ్యం బస్తాలు జరిపించాను. వారపత్రికలు వేలాడదీశాను, మెత్త వేసిన కుర్చీ కొన్నాను.

"రేపట్నుంచి కతలు ఇక్కడే సెప్పమ్మా. పిల్లలకి బిస్కట్లు కూడా ఇస్తాను."

అమ్మ కొడుకు ముచ్చట కాదనలేక వచ్చింది. పిల్లలు బిస్కట్లు తిని వెళ్లిపోయారు. మిగిలిన శ్రోతను నేనొక్కణ్ణే. అమ్మ ఒక రాజు కూతుళ్ల కథ ఎత్తుకుంది. మాటకొకసారి ఊఁ అంటూ ఉంటేనే మా దగ్గర కథ నడుస్తుంది. నేను ఊఁ కొట్టాను, మినపప్పు కోసం ఒకామె వచ్చేవరకు. ఆ తర్వాత నా ఊఁలన్నీ ఆమె బేరానికే పోయాయి.

"ఊఁ కొట్టవేటిరా?"

"కొడతన్నానమ్మా, నువ్వు సెప్పు."

పప్పు తూచి వెనక్కి తిరిగేసరికి కథ ఆగిపోయింది. అమ్మ కళ్లు మూసుకుని ఉంది. అమ్మకానికి పెట్టిన కట్టలోంచి తీసిన చుట్ట పెదాల మధ్య ఉంది, నిప్పు లోపల. నా అంగిలి కాలినట్టయింది.

"ఏటమ్మా ఇది?"

చుట్ట బయటికి తీసి నెమ్మదిగా అంది: "నోరు కాళీగా ఉంటే ఊరుకోదు నాయనా. అక్కడైతే పిల్లలు ఇంతారు."

ఆ సాయంత్రమే చుట్టల కట్టలు కొట్లోంచి తీసేశాను. మర్నాడు బడి వదిలే వేళకు తలుపులు వేసి, అమ్మను స్కూటరు మీద ఎక్కించుకుని గ్రంథాలయానికి తీసుకెళ్లాను. నిన్న అమ్మ ఎందుకు రాలేదని మేడం అడగలేదు. అడిగి ఉంటే కాస్త తిట్టుకునే వీలైనా దొరికేది. అమ్మకు కుర్చీ వేసి, నాకు చాప చూపించింది.

కథ మళ్లీ మొదటినుంచి. పిల్లలంతా ఒక్క గొంతుతో ఊఁ అన్నారు. నేను అందరికన్నా గట్టిగా అన్నాను. ముందు కూర్చున్న పిల్ల వెనక్కి తిరిగింది.

"ఓ మావా, అక్కడ కాదు. మామ్మ ఊపిరి తీసినప్పుడు అనాల."

అమ్మ నోరారా నవ్వింది. ఆ పిల్ల అమ్మ మోకాలికి ఆనుకుని ఉంది. చిన్నప్పుడు నేను కూర్చున్న చోటది.

"కూసింత జరగవే అమ్మీ," అన్నాను గొంతు తగ్గించి.

"ముందొచ్చినోళ్లకే ఆ సోటు."

ఎంత బతిమాలినా దిగిరాలేదు. మర్నాడు కొట్టు ఇంకాస్త ముందుగా కట్టేశాను.