ముందు ఇరుసు మేస్త్రి

మా షెడ్డులో ఏ జీపుకైనా ముందు ఇరుసు విప్పే హక్కు పెద్దమేస్త్రిదే. వెనక ఇరుసు బరువు మోసి బండిని తోస్తే చాలు. ముందుది బరువు మోస్తూ, బండిని లాగుతూ, చక్రాలను పక్కకు తిరగనివ్వాలి కూడా. అందుకే దాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు.

ఆయన భార్య తమ్ముడు అదే షెడ్డులో పని నేర్చుకున్నాడు. నేర్పింది ఈయనే. ఇప్పుడు వచ్చేవాళ్లంతా గుమ్మంలోనే "చిన్నమేస్త్రి ఉన్నాడా?" అని అడుగుతున్నారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా పెద్దమేస్త్రి స్పానరు బోల్టు మీంచి జారేది. ఇంట్లోనూ అదే గోల. "మా తమ్ముడి చెయ్యి పడితే ఎంత మొండి బండైనా మాట వింటుందట" అని భార్య వడ్డిస్తూ మురిసిపోతే, "కూరలో ఉప్పెక్కువైంది" అని లేచిపోయేవాడు.

ఒకరోజు రాళ్ల క్వారీ యజమాని జీపు తెచ్చాడు. ఇంజను తిప్పుడును ముందు ఇరుసుకు చేర్చే షాఫ్టు రాళ్లకు తగిలి వంగిపోతోందట. ఇది కుదిరితే తన మిగతా బండ్లన్నీ చేసినవాడి చేతికే ఇస్తానన్నాడు.

"షాఫ్టు పైకెలా లేపాలో ఆలోచించి రేపు చెప్తానండీ" అన్నాడు చిన్నమేస్త్రి.

"ఆలోచించడానికేముంది? నేను చేస్తా."

పెద్దమేస్త్రి ఇరుసును తలకిందులు చేసి బిగించాడు. షాఫ్టు కింద జానెడు ఖాళీ వచ్చింది. చూడముచ్చటగా ఉంది.

జాకీలు దించేముందు షాఫ్టులు చేత్తో తిప్పి, నాలుగు చక్రాలూ ఒకే వైపు తిరుగుతున్నాయో లేదో చూడడం షెడ్డు పద్ధతి. ఆ పద్ధతి పెట్టింది పెద్దమేస్త్రే.

"బావా, ఒకసారి తిప్పి చూద్దామా?"

"నాకే నేర్పుతున్నావా? దించు."

యజమాని చూస్తుండగా ఆయన డ్రైవరు నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ గేరు వేసి క్లచ్ వదిలాడు. వెనక చక్రాలు ముందుకు తోశాయి, ముందువి వెనక్కి తవ్వాయి. జీపు మూలుగుతూ అక్కడే నిలబడింది.

"అయ్యా, వెనకవి పనికి పోదామంటున్నాయి, ముందువి ఇంటికి పోదామంటున్నాయి!" అని అరిచాడు డ్రైవరు.

ఇరుసు తలకిందులైతే చక్రాలు తిరిగే దిక్కూ మారిపోతుంది. పెద్దమేస్త్రికి తెలియనిదేం కాదు. బావమరిది కంటే ముందు చెయ్యాలన్న ఆత్రంలో తెలిసింది కాస్తా మరిచాడు.

"ఎవరు చేశారిది?" యజమాని మొహం మాడిపోయింది.

"తప్పు నాదేనండీ. అలా పెట్టమని నేనే చెప్పా" అన్నాడు చిన్నమేస్త్రి.

యజమాని మెత్తబడ్డాడు. "పోన్లే, ఒప్పుకున్నావు" అని వాడి భుజం తట్టాడు.

పెద్దమేస్త్రికి ఒళ్లు మండిపోయింది. తన పేరు పోయింది, గిరాకీ పోయింది. ఇప్పుడు తన తప్పు కూడా వీడే పట్టుకుపోయి భుజం తట్టించుకుంటున్నాడు!

"అబద్ధం! వీడు దాన్ని ముట్టుకోనేలేదు. తిప్పి చూద్దామంటే నేనే నోరు మూయించా. బండ్లన్నీ వాడికే ఇచ్చుకోండి. ఈ తప్పు మాత్రం నాది!"

"సరే, వాడికే ఇస్తా" అన్నాడు యజమాని.

పెద్దమేస్త్రి జాకీ ఎత్తడం మొదలుపెట్టాడు. బావమరిది అవతలి జాకీ అందుకున్నాడు.

"నీ పక్క తక్కువెత్తావు" అన్నాడు పెద్దమేస్త్రి.

తక్కువేం కాదు. రెండు పక్కలూ సమానంగానే ఉన్నాయి.