ఓడల చరిత్రకి ఊఁ కొట్టినవాణ్ణి

ఎవరైనా కథ మొదలుపెడితే ఊఁ కొట్టకుండా ఉండలేకపోవడం నాకు చిన్నప్పుడే అంటుకున్న తెలివితక్కువతనం. అది మా అమ్మమ్మ ఇచ్చిన శిక్షణ. ఊఁ ఆగితే ఆవిడ కథ ఆపేసేది, కథ ఆగితే నాకు నిద్ర పట్టేది కాదు, అందుచేత నిద్రపోతూ కూడా ఊఁ కొట్టడం సాధన చేశాను. ఆ విద్యే ముదిరి, నాతోపాటు సముద్రాలు దాటి, ఒక జర్మను ఓడల కంపెనీ చరిత్ర యావత్తూ నా నెత్తికెక్కించి, చివరికి ఒకే పరీక్షలో నన్ను రెండుసార్లు ముంచింది.

ఇన్నాళ్ళకి ఇది ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మనవరాలు స్నేహితురాళ్ళతో యూరప్ తిరుగుతూ ఒక ఫోటో పంపింది. నది ఒడ్డున పొడుగాటి పాత క్రేను, దాని కాళ్ళ మధ్య అద్దాల కాఫీ షాపు, వెనకాల వరసగా కొత్త అపార్టుమెంట్లు. గేటు మీది ఇనప అక్షరాలు మాత్రం పీకకుండా రంగు వేసి ఉంచారు. "తాతా, ఇది మీ కంపెనీయేనా? కాఫీ మాత్రం సూపర్" అని కింద రాసింది. అదే. ఒకప్పుడు అక్కడ ఓడలు పుట్టేవి. ఇప్పుడు కాఫీ మీద నురగ పుడుతోంది.

డెబ్బైల చివర్లో, విశాఖపట్నంలో ఓడల బొమ్మలు గీసిన చేత్తోనే న్యూజెర్సీలో ఆ కంపెనీవారి అమెరికా ఆఫీసులో చేరాను. వాళ్ళు కట్టిన ఓడలు ఇక్కడి రేవులకి వచ్చినప్పుడు ఏ మరమ్మతు చెయ్యాలన్నా, ఏ మార్పు చెయ్యాలన్నా డ్రాయింగులు మేం గీసేవాళ్ళం. నా గీతకి విలువ ఉండేది గానీ నా సంతకానికి ఉండేది కాదు. నేను గీసిన కాగితం కింద, స్కేలు తిన్నగా పట్టుకోవడం కూడా రాని ఒక కుర్ర ఇంజనీరు, లైసెన్సు ఉన్న పాపానికి, దర్జాగా సంతకం గిలికేవాడు. ఆ లైసెన్సు పరీక్ష ఎలాగైనా గట్టెక్కాలని నా పట్టుదల. ఇంట్లోనా, ఎడిసన్‌లో ఒక్క పడగ్గది అపార్టుమెంటు, ఇద్దరు పసిపిల్లలు. ఒకడు ఏడుపు ఆపితే రెండోది అందుకునేది. కాబట్టి చదువుకోవడానికి నాకు మిగిలింది ఆఫీసులో మధ్యాహ్నం భోజనం వేళ ఒక్కటే.

ఆ ఒక్క గంటలోకీ మా ఆఫీసు పెద్దాయన తెరచాప ఎత్తుకుని వచ్చాడు.

ఆయన జర్మనీ నుంచి వచ్చినవాడు. తండ్రీ తాతా అదే కార్ఖానాలో ఓడ రేకులకి రివెట్లు కొట్టినవాళ్ళు. నేను పెరుగన్నం డబ్బా, పుస్తకం రెండూ తెరిచి కూర్చున్న మొదటి రోజునే ఎదురుగా వచ్చి కూర్చుని, గోడమీద పటంలో ఉన్న పాత పొగ ఓడని చూపించి, దాన్ని కట్టిందెవరో తెలుసా అని అడిగాడు. అంతవరకూ హాయిగా తింటున్న అమెరికా సహోద్యోగులు లంగరు తెగిన పడవల్లా ఒక్కొక్కరే జారుకున్నారు. నాకు అప్పుడైనా అనుమానం రావద్దూ! ఆయన మొదలుపెట్టాడు. నేను ఊఁ అన్నాను.

ఆయన ఆగి నావైపు చూశాడు. తన మాట ఇన్నేళ్ళకి అవతలి ఒడ్డు చేరిందన్నట్టు ఆ ఎర్రటి మొహం వెలిగిపోయింది. నా పని అయిపోయింది.

ఆ చరిత్ర ఇలా ఉండేది. మూలపురుషుడు బాయిలర్లకి మాట్లు వేసే కమ్మరి. పనిముట్లు తోపుడుబండిలో వేసుకుని ఆ ఊరొచ్చి, చవగ్గా వస్తోందని నది ఒడ్డున బురదనేల కొన్నాడు. మొదటి ఓడని నీళ్ళలోకి దింపేనాడు బ్యాండు మోగింది, ఓడకి కొబ్బరికాయలా కొట్టే సారా సీసా పగిలింది, ఓడ సగం దూరం జారి బురదలో కూరుకుపోయింది. ఊరంతా పిల్లలతో సహా ఫలహారాలు కట్టుకుని వచ్చి తమాషా చూసి పోయేవారట. అందరూ విసిగి మానేశాక, ఎవరూ చూడకుండా, పోటు నీటికి అది తనంతట తానే తేలి వెళ్ళిపోయింది. కమ్మరి కొడుకు ఫిడేలు పట్టుకుని ఊరు వదిలిపోతే, కోడలు పమిటచెంగు బిగించినంత పని చేసి కార్ఖానా నడిపింది. ఆ తర్వాత "కొన్ని చెడ్డ సంవత్సరాలు" అనేసి, పెద్దాయన కాఫీ కలపడం మొదలుపెట్టేవాడు, అందులో పంచదార లేకపోయినా. అక్కడ మాత్రం నా ఊఁ ఆయనకి అక్కర్లేదు. రెండో ప్రపంచయుద్ధంలో ఓడిపోయాక గెలిచినవాళ్ళు యంత్రాలన్నీ ఎత్తుకుపోతే, మిగిలిన రేకులతో వంటగిన్నెలూ, పిల్లల బండ్లూ చేసి బతికారట. మళ్ళీ చేపల పడవలు, మళ్ళీ పెద్ద ఓడలు, అలా నేటివరకూ.

ఇదంతా ఒక్కరోజులో అయ్యేది కాదు. అయిపోయాక పోనీ ఊరుకుంటాడా, నిన్న ఫిడేలువాడి సంగతి సరిగ్గా చెప్పలేదు అని మళ్ళీ అందుకునేవాడు. ఓడల కంపెనీలో చేరినవాణ్ణి కదా, పరీక్షలో ఓడాను. మరుసటేడు మళ్ళీ రాసి మళ్ళీ ఓడాను. సంతకం కుర్రాడిదే.

మా ఆవిడ ఒక ఉపాయం చెప్పింది. "ఊఁ కొట్టడం మానెయ్యండి, ఆయనే మానేస్తాడు. నేను మాట్లాడేటప్పుడు మానెయ్యడం మీకు బాగానే వచ్చుగా!" మర్నాడు నోరు బిగబట్టుకుని కూర్చున్నాను. పెద్దాయన కోడలి దాకా వచ్చి, నా మౌనం చూసి ఆగాడు. పాపం, తనే ఎక్కడో తికమకగా చెప్పాడనుకుని, నామీద జాలిపడి, కమ్మరి తోపుడుబండి దగ్గర్నుంచి మళ్ళీ ఎత్తుకున్నాడు. ఊఁ కొడితే కథ సాగుతుంది, కొట్టకపోతే మొదటికొస్తుంది. అయ్యా నాకు పరీక్ష ఉంది అని ఒక్క ముక్క అనచ్చు కదా అని మీరడగచ్చు. మొహమాటం అనే రోగం మీకు మాత్రం లేదా?

చివరికి ఒక ఆదివారం ఆయన్ని భోజనానికి పిలిచాం. మా ఆవిడ పెట్టిన చారు ఆయనకి నచ్చి, గ్లాసుతో తాగుతూ, ఆవిడ ఎదుటే కమ్మరిని ఊళ్ళోకి దింపాడు. చారు చల్లారింది గానీ చరిత్ర చల్లారలేదు. మా ఆవిడ ఊఁ కొట్టే రకం కాదు.

"సార్, ఆ బురదలో ఓడ సంగతి నాకు తెలుసు. రోజూ ఈయన ఇంటికొచ్చి నాకు చెప్తారు. ఈయన పరీక్ష కూడా అక్కడే కూరుకుపోయింది, రెండుసార్లు."

పెద్దాయన మొహం ఇంకా ఎర్రబడింది. "మరి ఇన్నాళ్ళూ ఊఁ అన్నాడే!"

"ఊఁ అంటే బావుందని కాదు సార్, ఇంకా నిద్రపోలేదని."

నేను పప్పుగిన్నెలో మొహం దాచుకుందామని చూశాను గానీ గిన్నె చిన్నది.

సోమవారం భోజనం వేళకి ఆయన తన గది నాకు ఇచ్చేశాడు. తను బయట కుర్చీ వేసుకుని, రొట్టె తింటూ కాపలా కూర్చున్నాడు. నాకోసం ఎవరొచ్చినా ఆపేసి, వాళ్ళకి గొంతు తగ్గించి చరిత్ర చెప్పేవాడు. తలుపు సందులోంచి ఫిడేలు మాట వినపడగానే లోపల్నుంచి నేను ఊఁ అనేసి నాలిక కరుచుకునేవాణ్ణి. ఏమైతేనేం, ఆ ఏడు గట్టెక్కాను. నా సంతకంతో వెళ్ళిన మొదటి డ్రాయింగు ఒక సరుకు ఓడ వంటగది మెట్లది. పెద్దాయన దాని నకలు పటం కట్టించి, పొగ ఓడ పక్కనే తగిలించాడు.

ఆ తర్వాత మర్యాద కొద్దీ ఆయన నా దగ్గర కంపెనీ ఊసెత్తడం మానేశాడు. ఎదురెదురుగా కూర్చుని ఎవరి తిండి వాళ్ళం తినేవాళ్ళం. పెరుగన్నం చప్పగా ఉండేది. మళ్ళీ చెప్పండి అని అడగడానికి నాకు నోరు రాలేదు, చెప్పానుగా, మొహమాటం.

ఈలోగా ఆర్డర్లన్నీ జపానుకీ, కొరియాకీ పోయాయి. ఎనభైల నడుమ అక్కడ కార్ఖానా గేటు మూశారు, ఇక్కడ మా ఆఫీసూ మూతపడింది.

ఫోటో చూసిన ఉత్సాహంలో మనవరాలికి వీడియో కాల్ చేసి, ఆ క్రేను కింద ఏం జరిగిందో కమ్మరి దగ్గర్నుంచీ మొదలుపెట్టాను. "షార్ట్‌గా చెప్పు తాతా" అంది. కొంతసేపటికి ఆ పిల్ల మొహం కదలకుండా ఉండిపోతే, ఎంత శ్రద్ధగా వింటోందో అని మురిసిపోయాను. నెట్‌వర్క్ పోయిందట. తర్వాత బొటనవేలు బొమ్మ ఒకటి పంపింది. మంచి పిల్లే. కానీ వేలు వింటోందో నిద్రపోతోందో ఎలా తెలుస్తుంది? మన కాలంలో చెప్పేవాళ్ళు ఎక్కువై చచ్చేవాళ్ళం గానీ, వింటున్నామని చీకట్లో కూడా తెలిసేలా ఒక్క ఊఁ ఉండేది. ఇప్పుడు నా దగ్గర చరిత్ర అంతా ఉంది, ఎదుట కుర్చీయే ఖాళీ.

అన్నట్టు ఆ రోజుల్లో, మా ఆఫీసు మూసేసేముందు హోటల్లో వీడ్కోలు విందు జరిగింది. నన్ను రెండు ముక్కలు మాట్లాడమన్నారు. పెద్దాయనకి ఇష్టమని చేయించిన వేడి వేడి సూపు అప్పుడే ఆయన ముందు పెట్టారు. ఆయన చెంచా ఎత్తాడు. ఆనాడు మా ఇంట్లో చల్లారిన చారు తలుచుకుని, నేను లేచి, ఒక కమ్మరి తోపుడుబండితో ఆ ఊరు వచ్చాడని మొదలుపెట్టాను. తన కంపెనీ గురించి చెబుతుంటే తినడం మర్యాద కాదు కదా, ఆయన చెంచా దించేశాడు. నేనేమీ వదల్లేదు. బురదనీ, బ్యాండునీ, ఫిడేలునీ, కోడల్నీ, అన్నీ వరసగా దింపాను. సహోద్యోగులు ఒక్కొక్కరే జారుకున్నారు. చెడ్డ సంవత్సరాల దగ్గర నాకు కలపడానికి కాఫీ లేదు, ఊరికే నిలబడ్డాను. ఆయన తల దించుకుని బల్లకేసి చూస్తూ ఉండిపోయాడు. మళ్ళీ వంటగిన్నెలూ, పిల్లల బండ్లూ అందుకుని, చేపల పడవల దాకా వచ్చి, గొంతు ఎండి ఆగాను. సూపు మీద మీగడ కట్టింది.

ముందు కుర్చీలోంచి పెద్దాయన, "ఊఁ" అన్నాడు.

నేను మంచినీళ్ళు తాగి, ఫిడేలువాడి సంగతి సరిగ్గా చెప్పలేదని మళ్ళీ అందుకున్నాను.