మా నల్లోడు ఇప్పపువ్వు తినలేదు

నా చిన్నప్పుడు ఇప్పపూల కాలం వచ్చిందంటే మా ఇంట్లో తెల్లారేదాకా పడుకునే భాగ్యం ఎవరికీ ఉండేది కాదు. పినపాక అవతల, అడవికి ఆనుకుని ఉండేది మా ఊరు. పొద్దు పొడవకముందే గంపలు పట్టుకుని పోయి, చెట్ల కింద రాలిన పువ్వు ఏరి తెచ్చి, వాకిట్లో చాపల మీద ఎండబోసేవాళ్లం. ఆ పువ్వు పులిస్తే మత్తు. అందుకని ఆ రోజుల్లో మనిషి గానీ పశువు గానీ కాస్త తూలితే చాలు, పువ్వు పని చేసిందని నవ్వడం మా ఊరి అలవాటు.

మాకు ఒక నల్ల కుక్క ఉండేది. పేరు నల్లోడు. ఇంట్లో మనిషిలాగే తిరిగాడు కాబట్టి వాడు అనే అంటాను, ఏమీ అనుకోకండి. అడవి పందుల నుంచి చేను కాయడానికని మా నాన్న తెచ్చి పెంచాడు. మా నాన్న మాటల మనిషి కాదు. మాతో మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు గానీ, నల్లోడితో మాత్రం చేనుకు పోయే దారి పొడుగునా ఏదో ఒకటి చెబుతూనే నడిచేవాడు. మా అమ్మ అప్పుడప్పుడు ఉడుక్కునేది కూడా.

ఒకనాడు పొద్దున నల్లోడు తూలుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. వెనక కాళ్లు వేసిన చోట పడటం లేదు. చాపల పక్కనుంచే వచ్చాడు కదా, ఎవరికీ వేరే అనుమానం రాలేదు. "చూడుండ్రి, మావోడు పువ్వు బాగనే మెక్కిండు" అన్నాడు మా నాన్న. పక్కింటివాళ్లు కూడా వచ్చి చూసి నవ్వారు. నేను చప్పట్లు కొట్టాను. మా నాన్న పేరు పెట్టి పిలిస్తే వాడు తోక ఊపాడు. ఇంకేం, వాడికి ఏమీ కాలేదని అందరం తేల్చేశాం.

నవ్వనిది మా నాయనమ్మ ఒక్కతే. చేతిలో చేట పక్కన పెట్టి వాణ్నే చూసింది. "గిది మత్తు కాదురా. మత్తయితే ఎక్కడ పడితే అక్కడ పండుకుంటడు. వీడు పండుకోలేకపోతున్నడు" అంది. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని మా నాన్న ఆమెను ఆటపట్టించి చేనుకు పోయాడు. రోజూ వెంట పోయే నల్లోడు గడప దాకా పోయి ఆగిపోయాడు.

అప్పుడు నాయనమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూడమంది. నిజమే, వాడు పడుకోబోయి సగంలో ఆగి మళ్లీ లేస్తున్నాడు. వీపు గూనిలా వంచి, పొట్ట లోపలికి బిగబట్టి నిలబడుతున్నాడు. ఎండ ఇంకా ముదరనే లేదు, అయినా రొప్పుతున్నాడు. గంజి పోస్తే వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. చివరికి కట్టెల మోపు వెనక్కి పోయి, గోడకేసి తిరిగి, పొట్ట కింద ఒకే చోట నాకడం మొదలుపెట్టాడు. కుయ్యిమనలేదు. నొప్పి ఉంటే ఏడవడా అని అడిగాను. "మనం ఏడుస్తం బిడ్డా. అడవి పక్కన బతికేటిది ఏడిస్తే, దాన్ని తినేటిది వింటది" అంది.

నేను నల్లోణ్ని పిలవబోతే నా నోరు మూసింది. "పిలువకు. పిలిస్తే నీ కోసం లేస్తడు, తోక ఊపుతడు. ఆ లేసుడు గూడ నొప్పేనాయె." తనే పోయి, వాడికి కాస్త ఎడంగా ఆ దుమ్ములోనే చతికిలబడింది. చాలాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత మెల్లగా మెడ మీద చెయ్యి వేసి, అక్కడినుంచి వీపు, పక్కటెముకలు తడుముతూ వచ్చింది. పొట్ట దగ్గరికి రాగానే వాడు ఉలిక్కిపడి ఆమె చెయ్యి నోట పట్టుకున్నాడు. కరవలేదు, ఊరికే పట్టుకున్నాడు. వెంట్రుకలు పాయదీస్తే అడవి పంది కోర దిగిన గాయం. పైకి చిన్నదే, లోపల చీము పట్టింది. నల్లటి ఒంటి మీద నెత్తురు మాకెవరికీ కనపడలేదు.

కబురు పోతే మా నాన్న పరుగున వచ్చాడు. గాయం చూశాడు. బండి కట్టి, గడ్డి పరిచి, పినపాక పశువుల దవాఖానాకు బయలుదేరాం. అక్కడ డాక్టరు కడిగి, సూది వేసి, విషం ఒళ్లంతా పాకిందని, ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. తిరిగి వస్తుంటే నల్లోడి తల మా నాన్న తొడ మీద ఉంది. ఆయన ఆగి ఆగి వాడి పేరు పిలుస్తున్నాడు. పిలిచినప్పుడల్లా తోక కొస కదులుతోంది. మా నాయనమ్మ కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "పిలువకురా, పండుకోనీ" అంది. మా నాన్న నోరు మూసుకున్నాడు. మా ఊరి పొలిమేర రాకముందే నల్లోడు పోయాడు.

చేను గట్టున పూడ్చి వచ్చాక మా నాన్న ఇంటి వెనక, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. అమ్మ అన్నానికి పిలిస్తే "వస్తున్న" అన్నాడు గానీ రాలేదు. మళ్లీ పిలిస్తే నవ్వు మొహం పెట్టి, ఆకలి లేదన్నాడు. నేను పిలవలేదు. పోయి ఆయనకు కాస్త ఎడంగా నేల మీద కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. మా నాన్న ఏడవడం నేను చూసింది అదే మొదలు.

ఇప్పుడు నా ఇంటినిండా మనుషులు. ఎలా ఉన్నావంటే అందరూ బాగున్నామనే అంటారు, నవ్వుతూనే అంటారు. నేను ఆ మాట వింటాను గానీ దాంతో సరిపెట్టుకోను. కంచంలో ఎంత మిగిలిందో, ఎవరు గోడకేసి తిరిగి పడుకున్నారో చూస్తాను. అలాంటివాళ్లు కనబడితే ఏమీ అడగను. పోయి పక్కన కూర్చుంటాను.