దుమ్ము మీద రాసిన పేరు

డోన్‌లో ఎక్కిన ప్యాసింజరు బండిలో నా ఎదురుగా ఒక పెద్దామె కూర్చుంది. నేను ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, కొత్తగా నేర్చుకుంటున్న పైథాన్ అనే కంప్యూటర్ భాషతో కుస్తీ పడుతున్నాను. మరుసటి రోజే పరీక్ష. నేను రాస్తున్న ప్రోగ్రాంలో, బడిపిల్లలు ఏ తరగతి వాళ్లో దాచి ఉంచే చోటుకి 'క్లాస్' అని పేరు పెడితే, ప్రోగ్రాం ప్రతిసారీ తప్పు చూపిస్తోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఏమైంది పాపా, అట్ల ఉండావు?" అందామె.

"నేను పెట్టిన పేరు ఒప్పుకోలేదవ్వా. ఆ మాటను ఈ భాష ముందే తన పనికి ఉంచుకుందంట. ఇంకోదానికి పెట్టకూడదంట. క్లాసును క్లాస్ అనక ఇంకేమనాల?"

"ఇంకో పేరుతో పిలువు. నా మనవరాలికి మా అత్త పేరే పెట్టినారు. అత్త పేరు నేను పలకగూడదు గదా. నాలుగేండ్ల దాన్ని 'అత్తా' అనే పిలుస్తాండా. పలుకుతాది."

నవ్వొచ్చింది. క్లాస్ తీసేసి 'తరగతి' అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టాను. ప్రోగ్రాం నడిచింది.

"ఇంతకీ పాప పేరేందవ్వా?" అన్నాను.

ఆమె దుమ్ము పట్టిన కిటికీ అద్దం మీద వేలితో ఒక్కో అక్షరమే రాసింది.

"ఈ రాత గూడా మా అత్తే నేర్పింది. ఆమె పోయి పదేండ్లాయ," అంది.

నేను మనసులో చదువుకునేదాకా ఆగి, పసిపిల్ల మొహం తుడిచినట్టు కొంగుతో మెల్లగా తుడిచేసింది.

పేర్లుగా వాడకూడని మాటల పాఠం ఇప్పుడు నేనే పిల్లలకు చెబుతున్నాను. ఆ పాప పేరు నాకింకా గుర్తుంది. ఇక్కడ మాత్రం రాయను.