ఎడారి మీద తెలుగులో చేసిన ప్రార్థన

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. సుజాత ఆంటీ ముందుకు తోస్తే మైకు అందుకున్నాను, సహోదరులారా! ఆక్లాండ్‌లో మన తెలుగువాళ్ళు కూడుకునే ఈ పాపకూర హాల్లో మీరందరూ నన్ను ముసలివాళ్ళ రెస్ట్ హోమ్‌లో పనిచేసే విమలగానే ఎరుగుదురు, ఆదివారం కుర్చీలు సర్దే విమలగానే ఎరుగుదురు. కానీ మూడేళ్ళ క్రితం ఈ విమల పొద్దున్న కళ్ళు తెరవగానే, ప్రార్థన చేయకముందు, ముఖం కూడా కడగకముందు, దిండు కింద చెయ్యి పెట్టి మాత్రల అట్ట ఉందా లేదా అని తడుముకునేది. అది చేతికి తగిలితేనే మంచం దిగేది. ఆ విమలని దేవుడు ఎలా బయటికి లాగాడో చెబుదామని నిలబడ్డాను, తప్పులుంటే క్షమించండి.

మాది తాడేపల్లిగూడెం. మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్, అమ్మ మిషన్ హాస్పిటల్లో ఆయా. పట్టాల మీద పనిచేస్తున్నప్పుడు పైన విమానం చప్పుడు వినబడితే నాన్న సుత్తి కింద పెట్టి అది కనబడకుండా పోయేదాకా చూసేవాడు, ఇంటికొచ్చి నాకు చెప్పేవాడు, వింటూ వింటూ నేను పైలట్ అవుతాను నాన్నా అనేశాను, ఆయన నవ్వలేదు, ఆ రోజు నుంచీ నా కోసం అదే ప్రార్థన. గ్యాంగ్‌మన్ కూతుర్ని విమానం నేర్చుకోవడానికి న్యూజిలాండ్ ఎలా పంపారో అది వేరే సాక్ష్యం, అది మా నాన్నే చెప్పాలి. రెండు వేల ఐదులో నేను ఇక్కడ దిగాను.

ఈ నార్త్ ఐలాండ్‌లోనే కింది వైపు ఒక చిన్న ఊళ్ళో మా ఫ్లయింగ్ స్కూలు. పక్కన గొర్రెల పొలాలు, కొంచెం దూరంలో ఎయిర్ ఫోర్స్ బేస్. ఆ బేస్ మీదుగా పోవాలంటే మాలాంటి చిన్న విమానాల వాళ్ళు రేడియోలో వాళ్ళని అడిగి పోవాలి. ఇంకా పైకి ఉత్తరంగా ఎగిరితే ఎడారి వస్తుంది. న్యూజిలాండ్‌లో ఎడారేంటమ్మా, అంతా పచ్చగడ్డే కదా అంటారు మీరు, ఆక్లాండ్ నుంచి వెల్లింగ్టన్ డ్రైవ్ చేసినవాళ్ళు చూసే ఉంటారు, డెసర్ట్ రోడ్ అని, బూడిద రంగు ఇసుక, ఎండిన గడ్డి దుబ్బులు, ఒక పక్క మంచు కప్పుకున్న రువాపెహు కొండ, ఒక్క చెట్టుండదు, ఒక్క ఇల్లుండదు!

మొదట్లో ఎంత సంతోషమో! మా ఇన్‌స్ట్రక్టర్ పేరు ఆలిసన్, అరవై ఏళ్ళావిడ, ఒక రోజు రన్‌వే పక్కన విమానం ఆపించి దిగిపోయి, తలుపు వేసేసి, "నువ్వు ఒక రౌండ్ కొట్టి రా, నేను టీ తాగుతా" అంది. నా పక్క సీటు ఖాళీ! నేను ఒక్కదాన్నే పైకి లేచాను, పైన గట్టిగా స్తోత్రం స్తోత్రం అని అరిచాను, దిగాక కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేస్తే నాన్న మాట్లాడలేక ఫోన్ అమ్మకిచ్చేశాడు.

తర్వాత రెండు నెలలకి ఆలిసన్‌తో ఎడారి మీద ఎగురుతున్నాం. కొండ అవతల నుంచి వీచే గాలి ఇవతలికి వచ్చి ఒక్కసారిగా కిందికి పడుతుందని ఆవిడ చెబుతూనే ఉంది, చెబుతుండగానే ఆ గాలి మమ్మల్ని పట్టుకుంది. విమానం పక్కకి తిరగబడిపోయింది, ఆలిసన్ తల అద్దానికి కొట్టుకుని నెత్తురొచ్చింది, నాకు ఇసుక కనబడాల్సిన చోట ఆకాశం కనబడింది. ఆవిడ నెత్తురు తుడుచుకుంటూనే సరిచేసింది, క్షేమంగా తీసుకొచ్చేసింది, దిగాక నవ్వింది కూడా. నేనూ నవ్వాను. కానీ ఆ రోజు నుంచి విమానం తలుపు పట్టుకుంటే నా చేతులు చెమట పట్టేవి, వణికేవి.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఆలిసన్‌కి చెప్పొచ్చు, నాన్నకి చెప్పొచ్చు, దేవునికి చెప్పొచ్చు! ఎవరికీ చెప్పలేదు. ప్రయాణంలో నిద్ర పట్టకపోతే అని అమ్మ నా సూట్‌కేసులో నిద్రమాత్రల అట్ట ఒకటి పెట్టింది, అందులో ఒక మాత్ర వేసుకుని మర్నాడు ఎగిరాను. చేతులు వణకలేదు! ఇదేదో నా ప్రార్థనకి జవాబు అనుకున్నాను, చూడండి సాతాను ఎంత తెలివైనవాడో. అట్ట అయిపోయాక ఇక్కడి డాక్టర్ దగ్గరికి వెళ్ళి పరీక్షలండీ, నిద్ర రావట్లేదండీ అన్నాను, ఆయన ఇచ్చాడు. విమానం నేర్చుకుంటున్నాను అన్న మాట మాత్రం మింగేశాను. ఆయన ఇంక వద్దమ్మా అన్నాక పక్క ఊళ్ళో ఇంకో డాక్టర్, తర్వాత ఇంకొకరు. స్కూల్ వాళ్ళ మెడికల్ ఫారంలో మందులేమైనా వాడుతున్నారా అని ఉంటే లేదు అని టిక్ పెట్టాను, ఉపవాస ప్రార్థనల ఇంట్లో పుట్టినదాన్ని!

రోజుకి ఒకటల్లా రెండయ్యాయి. వంట స్టవ్ మీద పెట్టి మర్చిపోయేదాన్ని, పాఠం తలకెక్కేది కాదు, ఆదివారం చర్చికి పోవడం మానేశాను. ఆలిసన్ ఒక రోజు, "విమలా, బాగానే ఉన్నావా? నువ్విక్కడ ఉన్నావు గానీ నీ కళ్ళు ఎక్కడో ఉన్నాయి" అని అడిగింది. నిద్ర తక్కువైంది అంతే అన్నాను. నాన్న ఫోన్‌లో, "ప్రార్థన చేసుకుంటున్నావా తల్లీ?" అంటే, చేసుకుంటున్నా నాన్నా అనేదాన్ని. ఆయన నమ్మేవాడు, అదే నాకు నరకం.

ఇక ఆ రోజు సంగతి. ఒంటరిగా ఎడారి దాటి ఆవలి ఊరు చుట్టి రావాలి. పొద్దున్న ఎనిమిదింటికి ఒక మాత్ర వేసుకున్నాను, చెయ్యి ఇంకా వణుకుతోంది, ఇంకొకటి వేసుకున్నాను. ఆకాశంలో మబ్బు లేదు. డెసర్ట్ రోడ్ కింద దారంలాగా కనబడుతోంది, అద్దంలోంచి ఎండ ఒళ్ళో పడి వెచ్చగా ఉంది, ఇంజిన్ ఒకటే హోరు. సహోదరులారా, నేను నిద్రపోయాను!

ఎంతసేపో నాకు తెలీదు. గాలి చప్పుడు పెరిగిపోయి మెలకువ వచ్చింది, చూస్తే ముక్కు కిందికి, రెక్క పక్కకి, విమానం గుండ్రంగా తిరుగుతూ దిగిపోతోంది, ఇసుకలో రాళ్ళు విడివిడిగా కనబడుతున్నాయి! ఆలిసన్ నేర్పినట్టు ఇంజిన్ తగ్గించి, రెక్కలు సమం చేసి, మెల్లగా లాగాను. నా బుర్ర పని చెయ్యడం లేదు, ఆ చేతుల్ని నడిపించింది ఎవరో నాకు తెలుసు, దేవునికే మహిమ! విమానం పైకి లేచింది. కానీ మత్తు దిగలేదు, రెప్పలు మళ్ళీ వాలిపోతున్నాయి, ఇంకోసారి నిద్రపోతే లేవనని తెలుసు.

నెలల తర్వాత నిజంగా ప్రార్థన చేశాను. "యేసయ్యా, నేను అబద్ధాలకోరుని. డాక్టర్లకి అబద్ధం చెప్పాను, నాన్నకి అబద్ధం చెప్పాను, నీకూ చెప్పాను. నన్ను పైలట్‌ని చెయ్యకపోయినా ఫర్వాలేదు తండ్రీ, నన్ను కిందికి దించు."

రేడియో బటన్ నొక్కాను. బేస్‌లో విమానాలకి దారి చెప్పే కంట్రోలర్ పలికాడు, పెద్దాయన గొంతు. ఏమైంది అన్నాడు. ఒంట్లో బాగాలేదు అని ఊరుకోవచ్చు, ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. ఆ రేడియోలో ఏం మాట్లాడినా ఆ చుట్టుపక్కల ఎగిరే వాళ్ళందరికీ వినబడుతుంది, మా స్కూల్ ఆఫీసులో కూడా వినబడుతుంది. చెప్పేశాను. "నేను మాత్రలు వేసుకుని ఎగిరాను. ఇందాక నిద్రపోయాను. మళ్ళీ నిద్ర వస్తోంది."

వెంటనే ఆయన, "నిజం చెప్పావు, మంచి పని చేశావు. ఇప్పుడు ఇద్దరం కలిసి దాన్ని దించుదాం. నీ పేరేంటి?" అన్నాడు. తిట్టలేదండీ! విమలా, గాలి గొట్టం ముఖం మీదికి తిప్పుకో అన్నాడు, దగ్గర్లో ఆర్మీ వాళ్ళ విమానాలు దిగే చిన్న స్ట్రిప్ ఉంది గానీ అక్కడ గాలి ఎక్కువ, మా రన్‌వే పొడుగు, ఇక్కడికే రా, ఇంకో పాతిక నిమిషాలు అన్నాడు. మిగతా విమానాలన్నిటినీ పక్కకి తప్పించాడు. పొద్దున్న ఏం తిన్నావు, మీ ఇంట్లో ఎవరెవరుంటారు అని అడుగుతూనే ఉన్నాడు. నాకు ఇంగ్లీష్ నాలుక మీద మొద్దుబారిపోతోంది, మాట ఆగిపోతోంది, అది గమనించి, "నీ భాషలో మాట్లాడు విమలా. నాకు అర్థం కానక్కర్లేదు, నీ గొంతు వినబడితే చాలు" అన్నాడు.

నా భాషలో నాకు ఆ క్షణాన వచ్చింది ఒక్కటే. ఆయనకి వినబడేలా తెలుగులో ప్రార్థన మొదలుపెట్టాను. "తండ్రీ, నా చెయ్యి వదలకు. తండ్రీ, నా కళ్ళు మూయనియ్యకు. ఈయన ఎవరో నాకు తెలీదు, ఈయన్ని దీవించు. మా నాన్నకి నా శవం చూపించకు తండ్రీ." ఎయిర్ ఫోర్స్ రేడియోలో, సహోదరులారా, పాతిక నిమిషాలు తెలుగు ప్రార్థన! మధ్యమధ్య ఆయన కొంచెం ఎడమకి తిప్పు, కొంచెం కిందికి దిగు అంటాడు, నేను అలా చేసి మళ్ళీ ప్రార్థన అందుకుంటాను.

రన్‌వే మీద రెండుసార్లు ఎగిరెగిరి పడింది గానీ విమానం నిలబడింది. ఫైర్ ఇంజిన్ పక్కనే పరిగెత్తింది, యూనిఫాంలో ఒకమ్మాయి వచ్చి నాకు దుప్పటి కప్పి, లేచి నిలబడలేకపోతే తన భుజం మీద ఆనించుకుంది. మధ్యాహ్నం డ్యూటీ దిగాక ఆ కంట్రోలర్ నన్ను చూడడానికొచ్చాడు, హెమి అని పేరు, ఈ దేశపు మూలవాసి, మావోరీ ఆయన, తల నెరిసింది. పక్కన కూర్చుని, "నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావో తెలిసింది. మా నాయనమ్మ కూడా అలాగే మాట్లాడేది" అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

నాకు ఎగిరే అనుమతి పోయింది, అది న్యాయమే. ఆలిసన్ నన్ను కౌగలించుకుని, ఇంకోసారి గట్టిగా అడగాల్సింది నేను అంది. నాన్నకి ఫోన్ చేశాను. అంతా చెప్పాను, నేను పైలట్ కాలేను నాన్నా అన్నాను. "విమానం దిగిందా అమ్మా?" అన్నాడు. దిగింది నాన్నా అన్నాను. "నువ్వూ దిగావు కదా. నేను దేవుణ్ణి అడిగింది విమానాన్ని కాదు తల్లీ, నిన్ను" అన్నాడు.

అమ్మతో పాటు ఊళ్ళో హాస్పిటల్లో పనిచేసి ఇక్కడికి నర్సుగా వచ్చిన సుజాత ఆంటీ నన్ను తన ఫ్లాట్‌కి తెచ్చుకుంది. ఒక్క ప్రార్థనకే అంతా పోయిందని నేను చెప్పను, అబద్ధాలు చాలు. ఈ మాత్రలు ఒక్కసారి ఆపితే ప్రమాదమని డాక్టర్ చెబితే నాలుగు నెలలు కొద్దికొద్దిగా తగ్గించారు. అట్ట ఆంటీ హ్యాండ్‌బ్యాగులోనే, ముక్క చేసి ఆవిడే చేతిలో పెట్టేది. ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది, ఊరికే ఏడుపొచ్చేది. "ఏడువు, ఏడుస్తూ ఆ ఉల్లిపాయలు కూడా కొయ్యి" అనేది ఆంటీ, నేను కోస్తుంటే పోపు వేస్తూనే నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది, పోపు మాడిపోయేది!

ఒక మధ్యాహ్నం తట్టుకోలేక ఆంటీకి చెప్పకుండా బస్సెక్కి శాండ్రింగ్‌హామ్ పేటలో ఒక కొత్త క్లినిక్‌కి వెళ్ళాను. వాళ్ళు ఫారం ఇచ్చారు. ఏమైనా మందులు వాడుతున్నారా అన్న చోట పెన్ను ఆగిపోయింది. "ప్రభువా, నా వల్ల కాదు, నువ్వే రాయించు" అన్నాను. రాశాను, అవును, మానేయడానికి ప్రయత్నిస్తున్నాను, దయచేసి నాకు ఇవ్వకండి అని రాశాను! ఆ డాక్టరమ్మ అది చదివి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆంటీకి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. నా విడుదల ఎడారి మీదే మొదలైందని ఆ కుర్చీలో నాకు అర్థమైంది. చివరి మాత్ర వేసుకుని రెండేళ్ళు దాటింది, స్తోత్రం!

ఇప్పుడు రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్ళకి స్నానాలు చేయిస్తాను, తినిపిస్తాను, వాళ్ళ భయాలు వింటాను. మళ్ళీ ఎగురుతావా అక్కా అని సండే స్కూల్ పిల్లలు అడుగుతారు. తెలీదు. ఎగరకపోయినా నాకు లోటు లేదు, పొద్దున్న లేస్తే నా చేతులు నా చేతుల్లాగా ఉంటున్నాయి, నాన్నతో ఫోన్‌లో నిజం మాట్లాడుతున్నాను.

నా ప్రియులారా, ఇక్కడ కూర్చున్నవాళ్ళలో నైట్ డ్యూటీలు చేసి చేసి మాత్రకో మందుకో అలవాటు పడినవాళ్ళు ఉండొచ్చు, ఇంట్లో వాళ్ళకి బాగున్నాం అని చెప్పి ఫోన్ పెట్టి ఏడ్చేవాళ్ళు ఉండొచ్చు. మిమ్మల్ని తప్పుపట్టడానికి నాకు నోరు లేదు. ఒక్క మాట, నిజం చెబితే దేవుడు తరిమేస్తాడని భయపడకండి, నేను చెప్పాను, నన్ను తరమలేదు. ఆయన్ని నమ్మండి, డాక్టర్ దగ్గరికీ వెళ్ళండి, మీ కోసం ప్రార్థించే ఒక్కరికైనా చెప్పండి. చెప్పుకోవడానికి ఎవరూ లేరనుకుంటే, మీటింగ్ అయ్యాక వెనక టీ బల్ల దగ్గర కప్పులు కడుగుతూ ఉంటాను, వచ్చి ఒక టవల్ తీసుకుని నా పక్కన నిలబడండి. నేనేమీ అడగను, మీరే మొదలుపెట్టేదాకా ఆగుతాను. నన్ను ప్రాణాలతో దించిన దేవునికే సమస్త మహిమ, ఆమేన్.