నరమేలే అన్నాడట

ఆసుపత్రి మేడ మీద గది నీదేనని తెనాలిలో ఒక ఎముకల డాక్టరు కొన్నేళ్ల కిందట మాటిచ్చి తప్పాడు. ఆ మాట నమ్మిన మా ఫిజియోథెరపిస్టు మొన్న రేపల్లెలో, తన చికిత్స గదిలోనే, ఒంటరిగా పోయాడు. నలభై ఏళ్లు నిండలేదు. ఆ కబురు చెప్పిన ఫోన్ పెట్టేశాక కూడా నేను “ఎవరూ?” అని అడుగుతూనే ఉన్నాను.

బాపట్ల నుంచి నన్ను తెనాలిలో అతని దగ్గరకు తీసుకెళ్లేనాటికి, నడుములో నరం నలిగి, కాలికి పంచె అంచు తగిలినా నిప్పంటుకున్నట్టుండేది. నడుము కోయాల్సిందేనని ఆ ఎముకల డాక్టరు అప్పటికే తేల్చేశాడు. ఇతను నన్ను బల్ల మీద వంచి కూర్చోబెట్టి, మోకాలు చాపేటప్పుడు తల ఎత్తమనేవాడు, మడిచేటప్పుడు దించమనేవాడు. ఇంకొంచెం లాగనా అంటే కసిరేవాడు.

“నరం మోకు కాదు మాస్టారూ, లాగితే కోపమొచ్చిద్ది. అటూ ఇటూ జరగనివ్వాలి, అంతే. నొప్పి మొదలయ్యే ముందే ఆగండి.”

మొదలుపెట్టే ముందూ, ముగించాకా పిక్క మీద దూది రాసేవాడు.

“ఇప్పుడెలా ఉందండి?”

“మంటగానే ఉందయ్యా.”

“ఉండనివ్వండి. నరానికీ మీ అంత పంతం.”

కొన్ని వారాలకు దూది దూదిలా తగిలింది. బాధ గురించి వేదాంతం చాలానే చదివాను. ఏ పుస్తకమూ ఆ పని చేయలేదు. నొప్పి మొత్తం పోయిందని అతనూ అనలేదు. “ఊరికే ఉలిక్కిపడటం మానింది, చాల్లెండి” అన్నాడు.

నేను ఆపరేషను వద్దన్నాను. అక్కడే చెడింది. “నరాలు లాగేవాడికి నా ఆసుపత్రిలో గదేంటయ్యా?” అని డాక్టరు నలుగురిలో నవ్వాడు. ఇతను రేపల్లె రైలెక్కాడు, అక్కడే చికిత్స గది పెట్టుకున్నాడు.

మొన్న మధ్యాహ్నం అతనికి ఎడమ చెయ్యి లాగింది. “ఆసుపత్రికి పోదామంటే నరమేలే అన్నారండి” అంది అతని భార్య. “గోడకి అరచెయ్యి ఆనించి మెడ తిప్పుకుంటా, తగ్గుతోందిలే, టీ పెట్టు అన్నారు. నేనొచ్చేసరికి…”

అందరి చేతుల్లో నరాన్నే చూసి చూసి, తన చేతిలోనూ నరాన్నే చూశాడు. గుండె అనుకోలేదు. ఆ మేడ గదిలో ఉండుంటే కింద ఎవరో ఒకరు ఈసీజీ తీసేవారు.

నిన్న వెళ్లి చూశాను. రోగులంతా చెయ్యి ఆనించిన చోట, భుజమంత ఎత్తున, గోడ సున్నం అరిగి నల్లబడి ఉంది. దాని కింద అతని చెప్పులు. ఎవరూ తీయలేదు.

ఆ ఎముకల డాక్టరు నా భార్యకు సొంత తమ్ముడు. తప్పు అతనిదని మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అనలేదు. నేనంటున్నాను.